అంకె మారినను గీత మారలేదు



కంటికి మాత్రమే కనబడదగిన వస్తువును గూర్చి, చెవికి మాత్రమే వినబడు సాధనముద్వారా ప్రసంగింపవలసి వచ్చుట కొంత విడ్డూరమే. కంప్యూటరు తెరమీద, వెక్టరు చిత్రములు గీయు సాఫ్ట్‌వేరులలో, చార్టులను సరిదిద్దునప్పుడు కలుగు చిక్కులను గూర్చి మాటాడుమని నన్ను కోరినప్పుడు నాకు మొదట నవ్వు వచ్చినది. అయినను ఆ చిక్కులలో చాలభాగము కంటికి కనబడనివే యను సంగతి తలంపునకు రాగా, చెవి యొక్కటియే చాలునేమో యని సమాధానపడి ఈ మైకు ముందునకు వచ్చితిని.

కొంతకాలము క్రిందట విజయవాడలో నొక ముద్రణాలయమున నేను ప్రూఫులు దిద్దుచుండగా, ఒక సహకార సంఘమువారి వార్షిక నివేదిక మా చేతికి వచ్చినది. అందు నాలుగు సంవత్సరముల డిపాజిట్లను చూపు బార్ చార్టు ఒకటి కలదు: 58, 61, 68, 65 లక్షలు. అచ్చునకు పోవు ముందునాటి సాయంకాలము సంఘమువారు ఫోనుచేసి, చివరి అంకె 65 కాదు, 72 అని చెప్పిరి. మా డీటీపీ ఆపరేటరు, చురుకైన కుర్రవాడు, నిమిషములో 65ను చెరిపి 72 అని టైపు చేసెను. నేను కళ్లజోడు సవరించుకొని, అంకె సరిగా నున్నదని చూచి సంతకము పెట్టితిని. అయిదువందల ప్రతులు అచ్చయినవి. సర్వసభ్య సమావేశమున ముందు వరుసలో కూర్చున్న ముసలిరైతు ఒకడు, నివేదికను ముక్కునకు దగ్గరగా పెట్టుకొని కొంతసేపు పరకాయించి చూచి, "ఏమయ్యా, డెబ్బై రెండు అరవై ఎనిమిది కంటే పొట్టిగా ఉందేం?" అని అడిగినాడట. సంఘ కార్యదర్శికి నోట మాట రాలేదు. ఆ మాట మరునాడు ఉదయము మా ముద్రణాలయమునకు మాత్రము బాగుగనే వచ్చినది.

ఆపరేటరును పిలిచి, "ఏమి నాయనా, అంకె మార్చినవాడవు బారు నేల మార్చలేదు?" అని అడిగితిని. "అదే మారుతుందనుకున్నానండీ" అని అతడనెను. నేటి నా ప్రసంగమంతయు ఆ యొక్క సమాధానముననే ఇమిడియున్నది. అదే మారునని యతడు తలచుట అవివేకము కాదు. ఎక్సెల్‌లో పట్టికలోని అంకెను మార్చినచో బారు తనంతట తానే పెరుగును, తరుగును. మేము వాడు వెక్టరు సాఫ్ట్‌వేరగు ఇలస్ట్రేటరులో సైతము మార్చవలసిన చోట మార్చినచో అట్లే జరుగును. మా బారు కదలలేదనగా, మేము మార్చినది చార్టులోని అంకెను గాదు, చార్టుపైని అక్షరమును మాత్రమే. అంతకంటె ముఖ్యమైన దేమనగా, ఆ చార్టు అప్పటికే ప్రాణము విడిచి వట్టి బొమ్మయై యుండెను. అది ఎప్పుడు పోయినదో మాలో నెవ్వరును గమనించి యుండలేదు.

ఇచ్చట వెక్టరు చిత్రమనగా నేమో నాలుగు మాటలు చెప్పక తప్పదు. ఫోటోగ్రాఫు అసంఖ్యాకములైన రంగు చుక్కల సముదాయము. దానిని పెంచినకొలది చుక్కలు బయటపడును. వెక్టరు చిత్రమందు చుక్కలు లేవు. ఈ బిందువునుండి ఆ బిందువువరకు ఇట్టి గీత, ఇంత మందము, ఇట్టి రంగు అను వ్రాత మాత్రమే యుండును. కావుననే దానిని తపాలా బిళ్లయంత చేసినను, గోడయంత చేసినను అంచు చెదరదు. వంపు గీతలను కొలది బిందువులతో వర్ణించు ఈ గణితము ఫ్రాన్సు దేశపు మోటారుకార్ల కర్మాగారములలో, రెనో సంస్థయందు పియెర్ బెజియే, సిత్రోయెన్ సంస్థయందు పాల్ ద కాస్టెల్జో అను ఇరువురి కృషివలన కార్ల తొడుగుల రూపకల్పనకై వృద్ధిపొందినది. 1982లో జాన్ వార్నాక్, చార్లెస్ గెష్కీ అనువారు స్థాపించిన అడోబీ సంస్థ, పుటను వర్ణించు పోస్ట్‌స్క్రిప్ట్ అను భాషను నిర్మించి, పిదప 1987లో ఇలస్ట్రేటరును వెలువరించెను. ఎవరైనను ఉచితముగా వాడుకొనదగిన ఇంక్‌స్కేప్ 2003లో పుట్టినది. చరిత్రకు ఇంత చాలును. మనము మనసున నుంచుకొనవలసిన దొక్కటే: ఆ దీర్ఘచతురస్రమునకు నాలుగు మూలలున్నవని యంత్రమునకు తెలియును గాని, అది అరువదియైదు లక్షల రూపాయలని దానికి తెలియదు. ఎవరో ఒకరు ఆ సంబంధమును దానికి చెప్పి, చెప్పినదానిని తెగకుండ కాపాడుచుండవలెను.

ఈ సంబంధమును కాగితముమీద నెలకొల్పిన మొదటివారిలో అగ్రగణ్యుడు స్కాట్లండు దేశీయుడైన విలియం ప్లేఫేర్. 1786లో ఆయన వెలువరించిన వాణిజ్య, రాజకీయ అట్లాసునందు నలుబదినాలుగు చార్టులు కలవు. వానిలో నలుబదిమూడు కాలక్రమమును చూపు గీతల చార్టులు. బార్ చార్టు ఒక్కటియే. స్కాట్లండు వర్తకమునకు సంబంధించి ఒక్క సంవత్సరపు లెక్కలే దొరకినందున, గీత గీయుటకు వీలులేక, దేశమునకు ఎగుమతి కొకటి, దిగుమతి కొకటి బారు చొప్పున నిలిపి పని గడుపుకొనెను. అది తక్కినవానికంటె ఉపయోగమున తక్కువదని ఆయనయే చెప్పుకొనెను. నేడు మన వార్తాపత్రికలు, నివేదికలు, ఎన్నికల ఫలితములనాటి టెలివిజన్ తెరలు వేనితో నిండియున్నవో ఆ బారు లన్నియు ఒక లోటునుండి పుట్టినవే యని తలచినప్పుడు నాకు వింతగా తోచును. ఆ కాలమున చార్టులు రాగిరేకుమీద చెక్కబడుచుండెను. ఒక గీత తప్పినచో చెక్కిన చోటును గీకి, మెరుగుపెట్టి, రేకును వెనుకనుండి సుత్తితో తట్టి మట్టముచేసి, మరల చెక్కవలెను. సరిదిద్దుట అంత ప్రయాసకరమైనప్పుడు మనుష్యుడు గీతకు అంకె సరిపోయినదా యని పదిమార్లు చూచుకొనును. ఒక్క మీట నొక్కిన చెరిగిపోవునప్పుడు ఒక్కమారైనను చూచుకొనడు.

ఇక ఇలస్ట్రేటరునందలి సజీవమైన చార్టును చూతము. దానియందు నిలువు బారులు, అడ్డ బారులు, గీతలు, చుక్కలు, వృత్తమును ముక్కలుగా చూపు 'పై' చార్టు మొదలుగా తొమ్మిది విధముల గ్రాఫు టూళ్లు కలవు. టూలును పట్టి తెరమీద ఒక చట్రము లాగగనే, ఎక్సెల్ పట్టికను బోలిన చిన్న డేటా కిటికీ తెరచుకొనును. అంకెలను అందు నింపి, మూలనున్న టిక్కు గుర్తును నొక్కినచో బారులు లేచి నిలుచును. ఈ బారులు, అక్షములు, అక్షరములు అన్నియు ఒక గ్రూపుగా కట్టబడి, ఆ కట్టుతోనే అంకెల పట్టికయు ముడివడి యుండును. అన్‌గ్రూప్ అని ఆజ్ఞాపించిన ఉత్తరక్షణమున ఆ ముడి తెగును, పట్టిక అదృశ్యమగును, మిగిలినవి రంగు డబ్బాలు మాత్రమే. మరల గ్రూపు చేసినంతమాత్రమున ప్రాణము రాదు. వెంటనే గమనించినచో అన్‌డూ చేసి బ్రదికించుకొనవచ్చును. ఫైలును దాచి, మూసి, మరునాడు తెరచిన పిమ్మట చేయగలది లేదు.

మా కుర్రవాడు అన్‌గ్రూప్ ఏల చేసెనో విచారించితిని. సంఘమువారు చివరి బారును మాత్రము ఆకుపచ్చగా చూపుమనిరి. అతడు నల్లబాణముతో బారుమీద నొక్కగా చార్టు మొత్తము పట్టుబడెను. ఒక్క బారు చేతికి రాకపోవుటచే, కట్టెలమోపునుండి ఒక పుల్ల తీయుటకు మోపునే విప్పినట్లు, గ్రూపునే విప్పివేసెను. విప్పుటకు ముందు యంత్రము, ఇట్లు చేసినచో ఇకమీద గ్రాఫును మార్చలేవు అను అర్థము వచ్చు హెచ్చరికను తెరమీద చూపును. రైలుపెట్టెలో గొలుసుప్రక్క వ్రాసియున్న మాటలను మనమెట్లు చదువుదుమో, ఆ హెచ్చరికను గూడ అట్లే చదువుదుము. నిజమునకు మోపు విప్పకయే పుల్లను పట్టుకొను ఉపాయము కలదు. తెల్లబాణమునకు ప్రక్కన చిన్న కూడిక గుర్తున్న గ్రూప్ సెలెక్షన్ టూలుతో బారుమీద ఒకమారు నొక్కిన ఆ బారొక్కటియే చేత చిక్కును. మౌసును కదల్పక రెండవమారు నొక్కిన ఆ వరుసకు చెందిన బారులన్నియు, మూడవమారు నొక్కిన వాని రంగును సూచించు లెజెండు గూడ చిక్కును. ఇంక్‌స్కేప్‌నందైతే కంట్రోల్ మీట పట్టుకొని నొక్కినచో గ్రూపులోని ఒక్క వస్తువు పట్టుబడును. ఈ చిన్న కిటుకు తెలియకపోవుటచే అకాలమృత్యువు పాలైన చార్టులు నా ఎరుకలోనివే చాల కలవు.

చార్టు బ్రదికియున్నదా లేదా యని తెలిసికొనుటకు నాడి చూచు పద్ధతి సులభమే. దానిని ఎన్నుకొని, ఆబ్జెక్ట్ మెనూలో గ్రాఫ్, అందులో డేటా అను మాటను చూడుడు. అది నల్లగా నున్నచో ప్రాణమున్నది. వెలవెలబోయి నొక్కుటకు లొంగకున్నచో లేదు. ప్రతి దిద్దుబాటునకు ముందును ఈ పరీక్ష జరుగవలెను.

ప్రాణమున్న చార్టులకును జబ్బులు రాకపోవు. అందులో నాకు మిక్కిలి వినోదము కలిగించునది సంవత్సరముల జబ్బు. 2019, 2020 అని మొదటి నిలువు వరుసలో వ్రాసినచో యంత్రము వానిని పేర్లుగా గాక పరిమాణములుగా గ్రహించును. అప్పుడు 2019వ సంవత్సరము రెండువేల పందొమ్మిది లక్షల రూపాయల డిపాజిట్టుగా అవతరించి ఆకాశము నంటగా, నిజమైన డిపాజిట్లు దాని పాదముల చెంత చీమలవలె పడియుండును. సంవత్సరమునకు ఇరుప్రక్కల నిటారు కొటేషను గుర్తులుంచినచో అది అంకెతనము వీడి పేరగును. వంకర కొటేషన్లు ఉంచినచో అవి గూడ పేరుతోపాటు అచ్చుపడును. పట్టికలో ఎడమప్రక్క పైమూల గడిని ఖాళీగా విడువవలెను. వేరొక ఫైలునుండి అంకెలు దిగుమతి చేసికొనునప్పుడు మన అలవాటు చొప్పున 7,32,000 అని కామాలు పెట్టినచో యంత్రము దానిని అంకెగా అంగీకరింపదు. 732000 అని కామా లేక వ్రాయవలెను. లక్షలకు, కోట్లకు కామాలు పెట్టుకొని చదువుట చిన్ననాటినుండి అలవడిన మనకు ఇది కొంత కష్టముగనే తోచును.

చార్టును పెద్దది చేయబోయి అంచులందు పట్టుకొనుటకు పిడులు లేవని కంగారుపడువారు పలువురు. ఆ పిడులకొరకే అన్‌గ్రూప్ చేయు సాహసికులును కలరు. స్కేల్ టూలు అందుకొరకే యున్నది. కాని పొడవు, వెడల్పులను సమానపాళ్లలో పెంచనిచో అక్షరములు గూడ సాగి లావైపోవును. అలంకారములను చివరకు వాయిదావేయుట మంచిది. రంగులు మార్చి, పేర్లు జరిపి, ముస్తాబు ముగించిన పిదప డేటా మార్చినచో చేతితో చేసిన మార్పులు పలుమారులు పోవును. పెండ్లికుమార్తెను అలంకరించిన తరువాత నలుగు పెట్టినట్లగును.

ఇంతవరకు చెప్పినది ఇంట పుట్టిన చార్టులమాట. బయటనుండి వచ్చు చార్టుల చిక్కు వేరు. ఎక్సెల్‌నుండి గాని, పీడీఎఫ్‌నుండి గాని వచ్చిన చార్టు వెక్టరు రూపమున నున్నను పుట్టుకతోడనే నిర్జీవము. దాని అంకెలు పుట్టినింటనే ఉండిపోయినవి. పైగా దానికి కనబడని చట్రములు, ఒకదానిలో నొకటి, మఠములోని గదులవలె నుండును. వీనిని క్లిప్పింగ్ మాస్కులందురు. ఒకదానిని తెలియక తొలగించిన, మరుగుననున్న గీతలన్నియు బయటపడి పుటమీదికి ఉరుకును. తొలగింపకున్న, పట్టదలచిన బారు చేతికి రాదు. అట్టి సమయమున అవుట్‌లైన్ దృశ్యమునకు మారవలెను. రంగులన్నియు మాయమై ఉన్న గీతలన్నియు, దాగినవానితో సహా, ఎక్స్‌రే చిత్రమున ఎముకలవలె అగపడును. ఇలస్ట్రేటరులో కంట్రోల్‌తో వై మీట నొక్కిన చాలును.

ఇట్టి పరాయి చార్టులలో నేను చూచిన వింతలలో నొకటి చెప్పెదను. ఒక పరిశోధక విద్యార్థి తన సిద్ధాంత గ్రంథమునకై పంపిన చార్టునందు చిన్నచిన్న వృత్తములుండవలసిన చోట నెల్ల ఆంగ్లాక్షరమైన క్యూ వందలకొలది నిండియుండెను. వైరసు పట్టినదని మావారు నిర్ణయించిరి. విషయమేమనగా, ఆర్ అను గణాంక భాష పీడీఎఫ్ వ్రాయునప్పుడు చిన్న వృత్తమును గీతగా గీయక, డింగ్‌బాట్స్ అను అలంకార ఫాంటునుండి ఒక అక్షరముగా వ్రాయు పద్ధతి యొకటి కలదు; తెరచు యంత్రమున ఆ ఫాంటు దొరకనిచో వృత్తము తన అక్షరరూపమును బయటపెట్టును. యూజ్‌డింగ్‌బాట్స్ అను ఐచ్ఛికమును ఫాల్స్ అని వ్రాసి మరల పీడీఎఫ్ తీయించగా క్యూలన్నియు వృత్తములైనవి. పైథాన్ భాషలోని మాట్‌ప్లాట్‌లిబ్ దీనికి తలక్రిందుగా, ఎస్వీజీ అను వెక్టరు ఫైలును వ్రాయునప్పుడు అక్షరములనే గీతలుగా మార్చివేయును. చార్టులోని ఒక పేరులో తప్పు దిద్దవలెనన్న దిద్దుటకు అక్షరము లేదు, వంపుగీతలే యున్నవి. ఎస్వీజీ ఫాంట్‌టైపును నన్ అని యుంచినచో అక్షరము అక్షరముగనే వచ్చును. ఒకచోట బొమ్మ అక్షరమైనది, వేరొకచోట అక్షరము బొమ్మయైనది. రెండింటికిని చికిత్స పుట్టినచోటనే గాని మనయొద్ద లేదు.

నిర్జీవమైన చార్టును దిద్దక తప్పనప్పుడు ఏమి చేయవలెను? అంకెల పట్టిక దొరికినచో మరల క్రొత్తగా వేయుటయే మేలు. అది బద్ధకస్థునికి గూడ లాభసాటి. దొరకనిచో కొలబద్ద పట్టవలెను. మా చార్టునందు సున్నానుండి 80 లక్షల వరకు నిలువు అక్షము 120 మిల్లీమీటర్లుండెను. అనగా లక్షకు ఒకటిన్నర మిల్లీమీటరు. 65 లక్షల బారు 97.5 మిల్లీమీటర్లు; 72కు 108 కావలెను. ట్రాన్స్‌ఫార్మ్ పానెలులో ఎత్తు గడియందు 108 అని వ్రాసిన చాలునని మా కుర్రవాడు వ్రాయగా, బారు పైకి సగము, క్రిందికి సగము పెరిగి, పాదము అక్షమును దాటి క్రుంగిపోయెను. ఆ గడుల ప్రక్కన తొమ్మిది చుక్కల చిన్న చదరమొకటి కలదు. ఏ బిందువును స్థిరముగా నుంచి పెంచవలెనో అది చెప్పును. క్రింది వరుసలోని నడిమి చుక్కను ఎన్నుకొన్నచో పాదము కదలక తల మాత్రమే పెరుగును. ఇంక్‌స్కేప్‌నందు మరియొక సూక్ష్మము కలదు: బాణముతో పట్టుకొన్నప్పుడు అది చూపు ఎత్తులో, మామూలుగా, బారు చుట్టునున్న అంచుగీత మందము గూడ చేరియుండును. మిల్లీమీటరు మందపు అంచున్న బారునకు 108 అని చెప్పినచో నిజమైన ఎత్తు 107 మాత్రమే యగును. ప్రిఫరెన్సులలో జామెట్రిక్ బౌండింగ్ బాక్స్ అని మార్చుకొనుటయో, అంచుగీతను తీసివేయుటయో చేయవలెను. 'పై' చార్టునకైతే శాతమునకు 3.6 డిగ్రీలు, ఒక ముక్కను పెంచినప్పుడు తక్కిన ముక్కలన్నియు తగ్గవలెను గనుక, నిర్జీవమైన 'పై' చార్టును చేతితో దిద్దబూనుట నా అభిప్రాయమున వృథాప్రయాస.

మన తెలుగు అక్షరముల బాధ ఒకటి మిగిలియున్నది. ఇలస్ట్రేటరు పలు వెర్షన్లలో దక్షిణాసియా లిపులకు తగిన కంపోజరును ఎన్నుకొననిచో, 'రాష్ట్రము' అను మాటలో ట, ర లు వత్తులుగా దిగక, ష, ట లు పొల్లులు ధరించి, అక్షరములన్నియు వరుసగా నిలుచును. ప్రిఫరెన్సులలో ఇండిక్ ఆప్షన్లను ఆన్ చేసి, పేరాగ్రాఫ్ పానెలులో ఆ కంపోజరును ఎన్నుకొన్నచో వత్తులు తమ స్థానములకు దిగును. మన ముద్రణాలయములలో చిరకాలముగా వాడుకలోనున్న 'అను' అను పేరుగల ఫాంట్లు యూనికోడ్‌వి కావు. ఆంగ్లాక్షరముల గడులలో తెలుగు రూపముల నుంచినవి. ఆ ఫాంటు లేని యంత్రమున చార్టును తెరచినచో జిల్లాల పేర్లు ఏ దేశభాషయో తెలియని గిలుకులుగా మారును. అందుచే అక్షరములను అవుట్‌లైన్లుగా మార్చి పంపుట మావారి వాడుక, మంచిదే. కాని మార్చని ప్రతి నొకదానిని దాచుకొనవలెను. ఒకమారు గీతలైన పిదప 'గుంటూరు'లో తప్పిన సున్నను పెట్టుటకు గూడ కలము పట్టవలసి వచ్చును.

సహకార సంఘమువారు తప్పొప్పుల పట్టిక నొకదానిని అచ్చొత్తి నివేదికలలో అంటించుమనిరి. అంకెకు తప్పొప్పుల పట్టిక వ్రాయవచ్చును. గీతకు ఎట్లు వ్రాయుదుము? అంకె సరిగనే యున్నదాయె. నాలుగవ బారును పదిన్నర మిల్లీమీటర్లు హెచ్చుగా ఊహించుకొనవలెనని వ్రాయుటకు చేయి రాక, మరల లెక్కగట్టి చార్టును వేసి, అయిదువందల చిన్న కాగితములు ముద్రించి, పాతదానిపై అంటించితిమి. ఖర్చు మాదే.

కావున మీలో కార్యాలయములందు, విద్యాలయములందు, సంఘములందు నివేదికలు తయారుచేయువారికి నాదొక్కటే మనవి. చార్టును ముద్రణాలయమునకు పంపునప్పుడు చార్టుతోపాటు దాని అంకెల పట్టికను, ఎక్సెల్ ఫైలుగా గాని, చేతితో వ్రాసిన కాగితముగా గాని, తప్పక జతచేసి పంపుడు. అంకె మారినదని ఫోనులో చెప్పునప్పుడు, "బారు కూడా మార్చండి" అని ఆ చిన్నమాటను గూడ చెప్పుడు.